సంఘ కార్యాలయమునకు వర్చువలైజేషను సాఫ్టువేరు నెన్నుకొనుట
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



పెద్దలు విద్యావ్యాప్తిని గుఱించియు, వివాహవ్యయములను గుఱించియు, వసతిగృహమును గుఱించియు నుపన్యసించిన యీ వేదికమీద నిలిచి నేను "సర్వరు" అను లోహపుపెట్టెను గుఱించి మాటలాడవలసి వచ్చినది. విషయము శుష్కముగా దోచుట సహజము. అయినను ఆ పెట్టెలో నేమున్నదో యొక్క నిమిష మాలోచింపుడు. విద్యార్థివేతనము నడిగిన బాలబాలికల దరఖాస్తులును, వారి తలిదండ్రుల యాదాయపత్రములును అందున్నవి. దాతలిచ్చిన ప్రతి రూపాయికిని లెక్క యందున్నది. వివాహసంబంధముల పట్టికయందు మన యింటి యాడపిల్లల జన్మవివరములు, ఛాయాచిత్రములు, ఫోను నంబరులు నున్నవి. ఇవి నశించినను, పరుల చేతబడినను సంఘమునకు గలుగు నష్టము ధనముతో దీరునది కాదు.

కార్యనిర్వాహకవర్గమువారు కార్యాలయమందలి పాతయంత్రములకు మాఱుగా నొక్క మంచి సర్వరును గొని, దానిపై వర్చువలైజేషను పద్ధతిని నెలకొల్పదలచి, అందులకు దగిన సాఫ్టువేరును గూర్చి నా యభిప్రాయము నడిగినారు. సభ్యులలో నిప్పటికే రెండు పక్షము లేర్పడినవి. పేరుగాంచిన దానినే కొందమని యొక పక్షము. వెలలేక వచ్చుదానినే తెత్తమని యొక పక్షము. ఇందులకు వలయు సొమ్ము విద్యార్థివేతననిధి మిగులునుండియే రావలసియున్నది కావున నిది వట్టి సాంకేతికవాదము కాదు. లైసెన్సుకై పోవు ప్రతి వేయి రూపాయలును ఒక పిల్లవాని పుస్తకములకు బోవలసినవి.

ఇంజనీర్లు కాని పెద్దలకొఱకు వర్చువలైజేషననగా నేమో ముందుగా విన్నవించెదను. గోదావరి జిల్లాలలోని మండువాలోగిలిని దలచుకొనుడు. కప్పొకటే, నుయ్యొకటే, వీధిగుమ్మ మొకటే. కాని లోపల నన్నదమ్ములు నాలుగు వాటాలుగా గాపురముందురు. ఎవరి వంటయిల్లు వారిది, ఎవరి తాళము వారిది. అట్లే యొక్క సర్వరులో ననేక వర్చువల్ మెషీనులు గాపురముండును. ఒకదానిలో విండోసు, ఇంకొకదానిలో లినక్సు. ఒకదానిలో లెక్కలు, ఇంకొకదానిలో సంబంధముల పట్టిక. వీనికి బ్రాసెసరును, మెమరీని, డిస్కును బంచియిచ్చి, ఒకరి హద్దు నొకరు దాటకుండ జూచు పెత్తనదారునకు హైపర్‌వైజరని పేరు. ఇకమీద నేను "వాటా" యన్నచో వర్చువల్ మెషీనని గ్రహింపగోరెదను.

ఇది నిన్నమొన్న పుట్టిన వింత కాదు. ఐ.బి.యం. కంపెనీవారు 1972లోనే తమ పెద్దయంత్రములకు వి.యం./370 అను పేర నీ విద్యను వెలువరించినారు. బల్లమీది యంత్రములకు దీనిని దెచ్చిన కీర్తి 1998లో స్థాపింపబడిన వీయంవేర్ కంపెనీకి జెందును. 2005లో ఇంటెలువారును, 2006లో ఎ.యం.డి.వారును తమ ప్రాసెసరులలోనే దీనికి దోడ్పాటు గల్పించిన పిదప సామాన్యకార్యాలయములకు సయిత మిది యందుబాటులోనికి వచ్చినది.

దీనివలన యంత్రముల సంఖ్య తగ్గును, విద్యుత్తు ఖర్చు తగ్గును అని యందఱు జెప్పుదురు. నిజమే కాని యది చిన్నలాభము. పెద్దలాభము వేఱొకటి గలదు. వాటా యంతయు గొన్ని ఫైలులుగా మాఱును. ఆ ఫైలుల నెత్తి యింకొక యంత్రముమీద బెట్టి నడుపవచ్చును. మదరుబోర్డు కాలిపోయిననాడు పాతపద్ధతిలో నైనచో విండోసును దిరిగి యెక్కించి, లెక్కల సాఫ్టువేరు నెక్కించి, ప్రింటరులను గలిపి, పాస్‌వర్డులను వెదకికొని కూర్చుండవలయును. అది దినముల పని. నూతనపద్ధతిలో గంటల పని. అయితే కొన్ని సాఫ్టువేరుల లైసెన్సు యంత్రపు గుర్తులతో ముడివడియుండును; వాటాను దరలించినపుడు దానిని మరల జెల్లుబాటు చేయించుకొనవలసి రావచ్చును. అమ్మినవారిని ముందే యడిగి సమాధానమును వ్రాతమూలముగా దీసికొనుట మేలు.

ఇచట వర్తకసోదరులకొక మనవి. ఒక్క లెక్కల సాఫ్టువేరును, ఇద్దఱు గుమాస్తాలును గల దుకాణమున కీ హంగామా యెంతమాత్ర మక్కఱలేదు. మంచి కంప్యూటరొకటి, యు.పి.యస్. ఒకటి, దినదినము నకలు తీయు నలవాటొకటి చాలును. సంఘకార్యాలయమునకు మూడు వాటాలు గావలసియున్నవి కనుకనే యీ చర్చ: లెక్కలకు విండోస్ సర్వరు వాటా యొకటి, దరఖాస్తులకును సంబంధముల పట్టికకును లినక్సు వాటా యొకటి, స్కానుచేసిన పత్రముల నుంచుటకు లినక్సు వాటా యొకటి. ఎనిమిది కోరుల ప్రాసెసరును, 64 జీబీ మెమరీయు, ఒకదాని కొకటి ప్రతిరూపముగా నుండు రెండు యస్.యస్.డి.లును వీనికి సమృద్ధిగా సరిపోవును.

ఇక సాఫ్టువేరుల గుణదోషముల విచారము. పేరుగాంచిన దానిని గొందమను సోదరుల మాట త్రోసిపుచ్చదగినది కాదు. వీయంవేర్ వారి ఇ.యస్.ఎక్స్.ఐ. నిలుకడగలది, తెలిసినవా రెక్కువమంది గలది. గొప్ప గొప్ప కార్యాలయములు దానిమీద నడచినవి. దోషము సరకులో లేదు, ఇల్లుగలవానిలో నున్నది. ఈ కంపెనీ 2004లో ఇ.యం.సి. వారి చేతికి బోయెను, 2016లో దానితోపాటు డెల్ వారి చేతికి వచ్చెను, 2021లో వేఱుపడెను, 2023 నవంబరు 22వ తేదీన బ్రాడ్‌కామ్ వారు దానిని గొనిరి. మఱుసటి నెలలోనే, ఒకసారి కొని కలకాలము వాడుకొను లైసెన్సుల యమ్మకమును మానివేసి, చందా పద్ధతిని మాత్రమే నిలిపిరి. చందాయైనను ప్రాసెసరొక్కంటికి గనీసము 16 కోరులకు జెల్లింపవలయును. మన యెనిమిది కోరుల యంత్రమునకు బదునాఱింటి సొమ్ము గట్టవలసినదే. వెలలేకుండ నిచ్చుచుండిన ఇ.యస్.ఎక్స్.ఐ.ని 2024 ఫిబ్రవరిలో దీసివేసి, 2025 ఏప్రిలులో దిరిగి తెచ్చిరి. తిరిగి తెచ్చిన దానిలో నకలుతీయు సాఫ్టువేరులకు వలయు ద్వారము మూయబడియే యున్నది. వంటయింటికి దలుపు లేని వాటాను అద్దె లేకుండ నిచ్చిన నేమి ప్రయోజనము?

పెద్దకంపెనీలకు న్యాయవాదులుందురు, బేరమాడువారుందురు. మనకు గోశాధికారిగా రొక్కరే యున్నారు. రెండేండ్లలో నాలుగు విధముల మాట మార్చిన యింటియజమానియొద్ద విద్యార్థివేతననిధిని దాకట్టు పెట్టుట నా కిష్టము లేదు. ఇదివఱకే యీ సాఫ్టువేరును గొనియున్న పోషకులు భయపడి యొక్క రాత్రిలో మారవలసిన పని లేదు. కాని తమ సంచికకు దోడ్పా టెంతవఱకున్నదో విచారించుకొనవలయును. ఏడవ సంచికకు సాధారణమైన తోడ్పాటు 2025 అక్టోబరు 2వ తేదీతో ముగిసినది.

మైక్రోసాఫ్టువారి హైపర్-వీ రెండవది. ఇది 2008నుండి విండోస్ సర్వరుతో గలిసి వచ్చుచున్నది. వెలలేకుండ విడిగా నిచ్చిన హైపర్-వీ సర్వరు 2019 సంచికతో నాగిపోయినది. కాని మన కార్యాలయపు లెక్కలకు విండోస్ సర్వరు స్టాండర్డు లైసెన్సు నెట్లును గొనవలయును. ఆ లైసెన్సు కనీసము 16 కోరులకు వచ్చును. యంత్రమునం దంతటికిని లైసెన్సున్నచో, పెత్తనమునకు మాత్రమే వాడు విండోసుగాక, రెండు విండోస్ సర్వరు వాటాలను నడుపుకొను హక్కు నిచ్చును. లినక్సు వాటాలకు దానితో నిమిత్తము లేదు. వాడు మనుష్యుల లెక్కనో, యంత్రముల లెక్కననో ప్రవేశలైసెన్సులు వేఱుగా గొనవలయును.

ఇచట రెండవపక్షమువా రొక విషయమును గమనింపవలయును. హైపర్‌వైజరు వెలలేక వచ్చినంతమాత్రమున లోపలి విండోసు వెలలేక రాదు. ఏ హైపర్‌వైజరుమీద నడపినను విండోస్ సర్వరు వాటాకు లైసెన్సు గొనవలసినదే. కావున మన యక్కఱకు హైపర్-వీకిని, వెలలేని సాఫ్టువేరునకును సొమ్మువిషయమున దాదాపు భేదమే లేదు! ఇరుపక్షములవారును వాదించుకొనిన ధన మీ రెండింటినడుమ లేనేలేదు. అట్లయిన దేనినిబట్టి యెన్నుకొనవలయునో తరువాత జెప్పెదను.

వర్చువల్‌బాక్సు నేర్చుకొను విద్యార్థుల కెంతయు మంచిది. ఇది యింకొక విండోసుమీదనో, లినక్సుమీదనో యెక్కి కూర్చుండునది, పరుల డాబాపై వేసిన పాకవంటిది. కార్యాలయమునకు దగదు. పైగా దాని యెక్స్‌టెన్షన్ ప్యాకును వ్యాపారమునకు వాడుట కొరకిలు వారికి సొమ్ము చెల్లింపవలయును. ఉచితమే యనుకొని దించుకొను కార్యాలయములు దీనిని గమనింపవలయును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బుట్టి 2003లో లోకమునకు దెలిసిన జెన్, దానిమీద 2018నుండి వెలువడుచున్న ఎక్స్.సి.పి.-ఎన్.జి. యోగ్యమైనవే. మన యూళ్లలో వాని నెఱిగినవా రరుదు; అందుచే విడిచితిని.

మిగిలినది ప్రాక్స్‌మాక్స్. దీని మూలము కె.వి.యం. అను హైపర్‌వైజరు, అది 2007లో లినక్సు హృదయములోనే చేర్చబడినది. గూగులు వారి క్లౌడు దీనిమీదనే నడచుచున్నది. వియన్నా నగరమందలి యొక చిన్నకంపెనీవారు డెబియన్ లినక్సుమీద కె.వి.యం.ను నిలిపి, వెబ్‌బ్రౌజరునుండియే యంతయు నడుపుకొనునట్లు తీర్చి, 2008నుండి యందించుచున్నారు. దీని మూలగ్రంథము ఎ.జి.పి.ఎల్. అను బహిరంగలైసెన్సు క్రింద నున్నది. కంపెనీ చేతులు మాఱినను, మూతపడినను మనయొద్ద నున్న సంచికను వాడుకొను హక్కును, దానిని సవరించుకొను హక్కును ఎవ్వరును లాగుకొనజాలరు. వీయంవేర్ నుండి వచ్చువారి వాటాలను నేరుగా దెచ్చుకొను సాధనమును 2024లో జేర్చినారు.

తెలుగున "ఉచితము" అను మాటకు వెలలేనిదనియు, తగినదనియు రెండర్థములు గలవు. మొదటి యర్థమున ప్రాక్స్‌మాక్స్ ఉచితమే. చందా కట్టనివారికి బ్రవేశించినప్పుడెల్ల చందా లేదని యొక హెచ్చరిక కనబడును. సాఫ్టువేరులో మాత్ర మేమియు గొఱత యుండదు. చందా ప్రాసెసరుకింతయని యేటేట గట్టునది. అల్పతరగతి చందాతో బాగుగా బరీక్షింపబడిన సవరణలు వచ్చును. కంపెనీవారి సలహా కావలెనన్న బైతరగతి కట్టవలయును. మనమల్పతరగతి కట్టుట న్యాయమని నా మతము. అనుభవించుచు నేమియు నీయకుండుట విరాళములమీద బ్రతుకు సంఘమునకు శోభింపదు.

రెండవ యర్థమున నుచితమా యనునదే ప్రశ్న. హైపర్-వీకి దెలిసినవాడు ప్రతి తాలూకా పట్టణమున దొరకును. లినక్సు నెఱిగినవారు మన కులమున వందలకొలది యున్నారు. కాని వారు హైదరాబాదునను, బెంగుళూరునను, అమెరికాలోను నున్నారు. అమెరికాలోని మన యువకులు రాత్రులు మేలుకొని దూరమునుండి చక్కబెట్టుదుమని యెంతయో ప్రేమతో వ్రాసినారు. వారి యభిమానము కొనియాడదగినదే. అయినను యంత్రమే మేలుకొననినాడు, ఇంటర్నెట్టే లేనినాడు దూరమున నున్నవారు చేయగలిగినదేమి? సర్వరుముందు గూర్చుండి తెఱమీది యక్షరములను జదివి తోచిన పని చేయగలవాడు ఊరిలో నుండవలయును. ఒక్కడు చాలడు, ఇద్దఱుండవలయును. ఒక్కనికే తెలిసిన విద్యమీద సంఘమును నిలుపుట ఆ యొక్కని కన్యాయము, సంఘమునకు బ్రమాదము. వాడు ఉద్యోగము మాఱినను, జబ్బుపడినను, కోపగించినను కార్యాలయము మూతపడును.

డిజిటల్ సంతకపు టోకెను విషయ మొకటి గలదు. యు.యస్.బి. పరికరమును నేరుగా నొక వాటాకు దగిలించు సదుపాయము ప్రాక్స్‌మాక్స్‌లో సులభముగా నున్నది, హైపర్-వీలో లేదు. ఇది చూచి కొందఱు ప్రాక్స్‌మాక్స్‌ను మెచ్చుకొందురు. నే నందులకు మెచ్చుకొనను. కోశాధికారి సంతకము రేయింబవళ్లు సర్వరునకు దగిలియుండుట యేమి మర్యాద? అది వారి బీరువాలో నుండవలసిన వస్తువు.

ఇక ముఖ్యమైన మాట: నకలు. డిస్కులు జంటగా నున్నవి కదా, నకలేల యని యడుగుదురు. జంటడిస్కు ఒక డిస్కు చెడిపోయినపుడు గాపాడును. గుమాస్తా పొరపాటున పట్టికను దుడిచివేసినచో రెండు డిస్కులును విధేయతతో దానిని దుడిచివేయును. స్నాప్‌షాటు సయితము నకలు కాదు. అది యదే డిస్కుమీద నున్న గుర్తు, ఇల్లు కాలినపుడు ఇంటితో గాలునది. నిజమైన నకలు వేఱొక పెట్టెలో నుండవలయును. దానిలో నొకటి వేఱొక కట్టడమున నుండవలయును. ఒకటి తీగ తీసి బీరువాలో బెట్టియుండవలయును. ఫైలులను బంధించి సొమ్మడుగు దొంగప్రోగ్రాములు తీగ తగిలియున్న ప్రతి డిస్కును జేరును. బీరువాలోని డిస్కును జేరజాలవు. ప్రాక్స్‌మాక్స్ వారిదే నకలు తీయు సర్వరొకటి 2020నుండి వెలలేక లభించుచున్నది. మాఱిన భాగములను మాత్రమే తీసికొనును గావున రాత్రికి రాత్రి పని ముగియును. హైపర్-వీతో విండోసుకు స్వతస్సిద్ధమైన నకలుసాధన మున్నను, కోరినంత వసతిగా నుండవలెనన్న వేఱు సాఫ్టువేరును గొనవలసి రావచ్చును. నా దృష్టిలో రెండింటికిని గల పెద్దభేద మిదియే.

నకలులు బయటికి బోవునపుడు సంకేతాక్షరములతో మూయబడి పోవలయును. 2023లో బార్లమెంటువారు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమాచారము నుంచుకొనువారిపై దాని భద్రతాభారము నుంచినది. చట్టము లేకున్నను, ఒక యాడపిల్ల ఛాయాచిత్రమును మనల నమ్మి యిచ్చిన తలిదండ్రులకు మనము జవాబుదారులమే కదా. కంపెనీలను నడుపుచున్న పోషకులకు వేఱొక నిబంధన గూడ గలదు: 2022 ఆగస్టులో సవరింపబడిన నియమములనుబట్టి కంపెనీల లెక్కపుస్తకముల నకలు ప్రతిదినమును భారతదేశమందలి సర్వరులో నుంపబడవలయును.

యంత్రమును సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు బోయి విచారించి కొనవచ్చును. పాతదైనను వారంటీ గలదానిని దీసికొనుటలో దోషము లేదు. డిస్కులు మాత్రము క్రొత్తవి, కరెంటు హఠాత్తుగా బోయినను వ్రాతను గాపాడుకొను జాతివి కొనవలయును. మన యూళ్లలో కరెంటు సంగతి సభవారికి నేను జెప్పవలసినది లేదు. యు.పి.యస్. బ్యాటరీ క్షీణించుచున్నదని సర్వరునకు దెలిసి, అది వాటాల నొక్కటొక్కటిగా మూసివేయునట్లు తీగ కలుపవలయును. వట్టి యు.పి.యస్. పదునైదు నిమిషముల యాయువును మాత్ర మిచ్చును.

కార్యనిర్వాహకవర్గమువారి యనుమతితో నా సూచనను సభయెదుట నుంచుచున్నాను. క్రొత్త సర్వరుమీద మొదట బ్రాక్స్‌మాక్స్ నెక్కింపవలయును. ఇప్పుడున్న యంత్రములలో మంచిదానిని బాఱవేయక, నకళ్లను దిరిగి నిలిపి చూచుటకు బ్రత్యేకింపవలయును. ఊరిలో నివసించు మన యువకు లిద్దఱిని, సోదరీమణులైన మఱియు మంచిది, మూడు నెలల శిక్షణకు నియమింపవలయును. అందులకగు ఖర్చును లైసెన్సు ఖర్చుగా నెంచి జంకక యీయవలయును. మూడవనెల చివర గోశాధికారిగారును, దాతల ప్రతినిధి యొకరును గూర్చుండి చూచుచుండగా, ఆ యిద్దఱును వేర్వేరు దినములయం దొకరి సాయ మొకరికి లేక బీరువాలోని డిస్కునుండి లెక్కల వాటాను బాతయంత్రముమీద నిలిపి, నిన్నటి రసీదును దెఱచి చూపవలయును. ఇద్దఱును జూపగలిగినచో బాతకంప్యూటరులను దీసివేసి సర్వరునకు మారవచ్చును. ఒక్కరే చూపగలిగినను, ఎవ్వరును జూపలేకున్నను, సంకోచింపక హైపర్-వీకి మరలవలయును. విండోసు లైసెన్సు మనయొద్ద నెట్లును ఉండును గనుక అందువలన నష్టము స్వల్పము. పాస్‌వర్డులను వ్రాసి, రెండు కవరులలో ముద్రవేసి, ఒకటి అధ్యక్షులయొద్దను, ఒకటి బ్యాంకులాకరునందును ఉంపవలయును. ఈ పరీక్ష మూడు నెలల కొకసారి జరిగి, దాని ఫలితము కోశాధికారిగారి లెక్కలతోపాటు మహాసభలో జదువబడవలయును.

పై సూచనను బలపఱచుటకు బోషకులలో నొకరు లేచి నిలుతురని యాశించుచు, మీ ప్రశ్నలకు నిచటనే నిలిచియున్నాను.